మూడు మెట్ల గుట్ట

కీసరగుట్ట మీది రామలింగేశ్వరస్వామి గుడికి మీరెప్పుడైనా వెళ్ళారా? మెట్లెక్కేటప్పుడు మీ కాళ్ళను గురించి మీరు ఆలోచించి ఉండరు. చక్రాల కుర్చీలో తిరిగే మీ ఈడు అమ్మాయికి మాత్రం అంత దూరం పోనక్కరలేదు. బడి వరండాకున్న మూడు మెట్లే ఆమెకు గుట్ట!

ఆ మెట్ల ఎత్తు 45 సెంటీమీటర్లు అనుకుందాం. స్నేహితులు కుర్చీతో సహా ఎత్తి పైన దింపుతారు. మంచి పనే. కాని వాళ్ళు బడికి రానినాడో? మంచినీళ్ళకు పోవాలన్నా ఎవరినో ఒకరిని బతిమాలుకోవలసిందే కదా!

ఇప్పుడు మీరు చదువుకున్న వాలుతలాన్ని గుర్తు చేసుకోండి. ఒక వంతు ఎత్తుకు 12 వంతుల పొడవు ఉండాలని మన దేశంలో నియమం. అంటే ఈ వరండాకు 5 మీటర్ల 40 సెంటీమీటర్ల వాలుబాట కావాలి. మనిషీ కుర్చీ కలిసి 60 కిలోలుంటే, ఘర్షణ మాట పక్కన పెడితే, ఆమె చేతులు ప్రయోగించవలసింది సుమారు 5 కిలోల బరువుకు సమానమైన బలం. ఎవరినీ పిలవకుండా తానే పైకి వస్తుంది! మెట్ల మీద నిటారుగా ఒక పలక పరిచి ‘వాలుబాట వేశాం’ అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు ఈ లెక్క మీరే చెప్పాలి.

మేధోవైకల్యం గలవారి కోసం 1984లో సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. ఇటువంటి పిల్లలకు చొక్కా తొడుక్కోవడం నేర్పాలంటే, ఆ పనిని చిన్న చిన్న అంచెలుగా విడదీస్తారు. మొదట చేయి పట్టి చేయిస్తారు. తరవాత మాటతో చెబుతారు, ఆ తరవాత సైగ మాత్రమే. చివరికి ఊరికే చూస్తూ ఉంటారు. అమ్మ తొడిగితే నిమిషంలో అయ్యే పనికి, పిల్లవాడికి పావుగంట పట్టవచ్చు. ఆ పావుగంట ఓపిక పట్టడమే అన్నిటికన్నా గొప్ప సాయమని నా అభిప్రాయం. తొందరపడి మనమే గుండీ పెట్టేశామా, వాడి ధైర్యాన్ని కూడా లాగేసుకున్నట్టే.

అయితే సాయమంతా ఒకనాటికి మానేయవలసినదే అనుకోకండి. కళ్ళద్దాలు పెట్టుకున్నవాణ్ణి ‘ఇంకెన్నాళ్ళు?’ అని ఎవరైనా అడుగుతారా? వాలుబాటా, బ్రెయిలీ పుస్తకమూ అంతే.

నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు దగ్గరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కును 2016 నాటి చట్టం ఇచ్చింది. హక్కు ఉంది సరే, గడప దాటేదెలా? రేపు ఒక టేపు పట్టుకుపోయి మీ వరండా ఎత్తు కొలవండి. దాన్ని 12తో హెచ్చవేసి, ఆ కాగితం ప్రధానోపాధ్యాయుల చేతికి ఇవ్వండి.