ఎండను తిట్టే ముందు మీటర్ పెట్టి చూడండి

మే నెలలో కర్నూలు, కడపల్లో ఏది పాడైనా ఎండనే తిడతాం. రెండ్రోజులు నిలిపిన కారు సెల్ఫ్ కొడితే టకటకమని ఆగిపోయిందా, 'ఎండలకు బ్యాటరీ పోయింది, కొత్తది వేద్దాం' అనే మాటే ముందు వినిపిస్తుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. కానీ కొత్తది వేశాక కూడా మూడు రోజులకే దిగిపోతే?

ఆటోమొబైల్ ఉద్యోగాలకు వెళ్తున్న ఐటీఐ, డిప్లొమా, బీటెక్ మిత్రులు ఈ ఒక్క ప్రశ్నకు వరసగా జవాబు చెప్పగలిగితే, రెజ్యూమెలో 'ప్రాబ్లమ్ సాల్వింగ్' అని రాసుకోవడం కంటే మేలని నా అభిప్రాయం. పెనుకొండ దగ్గర కియా, తిరుపతి దగ్గర అమరరాజా ఉన్న సీమలో మనకిది దూరపు చదువేం కాదు.

ముందు బ్యాటరీని ఫుల్ ఛార్జ్ చేసి, కొన్ని గంటలాగి కొలవండి. 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14 వోల్టుల దరిదాపుల్లోకి రాకపోతే ఆల్టర్నేటర్‌ను అనుమానించాలి. ఆ తర్వాత నెగటివ్ తీగ విప్పి రాత్రంతా వదిలేయండి. పొద్దునకి వోల్టేజి బాగా పడిపోతే జబ్బు బ్యాటరీదే. నిలబడిందంటే కారే కరెంటు తాగుతోంది.

ఎంత తాగుతోంది? మీటర్‌ను 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, విప్పిన తీగకూ టెర్మినల్‌కూ మధ్య కలపండి. ఆ స్థితిలో సెల్ఫ్ కొట్టారో, మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది. చాలామంది తొందరపడేది ఇక్కడే. కారులోని కంప్యూటర్లు వెంటనే నిద్రపోవు. డోర్లు మూసి, లాక్ చేసి అరగంటైనా ఆగాలి, కొన్ని కార్లకు ఇంకా ఎక్కువే. అప్పుడు 50 మిల్లీఆంపియర్ల లోపుంటే సాధారణంగా ఫర్వాలేదు. అర ఆంపియర్ కనిపిస్తే రోజుకి 12 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు. చిన్న కారులో ఉండే 35 ఏహెచ్ బ్యాటరీ మూడు రోజులకు ఖాళీ! దీనికి గేట్ ర్యాంకు అక్కర్లేదు, గుణకారం వస్తే చాలు.

ఇక దొంగను పట్టడం. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ రీడింగ్ ఎక్కడ పడిపోతుందో చూడటం పాత పద్ధతి. కొత్త కార్లలో ఫ్యూజు తిరిగి పెట్టగానే కంప్యూటర్ మేలుకుని లెక్క మొదటికొస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ఫ్యూజు కదపకుండా, దాని పైనున్న రెండు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలుస్తారు. సున్నా కాకుండా ఏదైనా కనిపిస్తే ఆ దారిలో కరెంటు పోతున్నట్టే. అక్కణ్నుంచి వెతికితే బయట వేయించిన మ్యూజిక్ సిస్టమో, నేరుగా బ్యాటరీకి కలిపేసిన జీపీఎస్ ట్రాకరో, డిక్కీలో ఆరని బల్బో, అతుక్కుపోయిన రిలేనో దొరుకుతుంది.

ఇంట్లో కారు లేకపోతే మీ వీధి మెకానిక్ షెడ్డులో ఒక ఆదివారం అడిగి చూడండి. మామూలు మల్టీమీటర్ కొన్ని వందల రూపాయలకే వస్తుంది. బ్యాటరీ ముట్టుకునే ముందు మాత్రం చేతి ఉంగరం, కడియం తీసి జేబులో వేసుకోండి. పానాతో పాటు అవీ తగిలి షార్టయితే వేలు కాలుతుంది.