లెక్కల కోసం పెట్టే వర్క్‌షాపుల్లో లాజిక్ ఎక్కడ?

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ వర్క్‌షాప్ ఎలా సాగుతుందో తెలియనివారు లేరు. పదింటికి జ్యోతి ప్రజ్వలన. సెక్రటరీ, ప్రిన్సిపల్, ముఖ్య అతిథి మాట్లాడేసరికి పదకొండున్నర. కుర్చీలు ఖాళీగా కనబడకూడదని సెకండియర్ పిల్లల్ని క్లాసుల్లోంచి లేపుకొచ్చి కూర్చోబెడతారు. శాలువా, మెమెంటో, జియోట్యాగ్ ఫోటో. లాజిక్ చెప్పడానికి ఎక్కడినుంచో వచ్చిన ప్రొఫెసర్‌కు మిగిలేది ముప్పావుగంట. ఆయన బోర్డు మీద రుజువు సగం రాసేసరికి భోజనాల వేళవుతుంది. సాయంత్రం సర్టిఫికెట్లు పంచుతారు. ఫైల్లో ఒక కార్యక్రమం చేరుతుంది. ఆ సగం రుజువు గురించి మళ్లీ ఎవరూ అడగరు.

తప్పంతా కాలేజీలదే అనడం అన్యాయం. లెక్క అడుగుతున్నది పైనున్నవాళ్లు. గత ఐదేళ్లలో ఎన్ని సెమినార్లు, ఎన్ని వర్క్‌షాపులు పెట్టారో చెప్పమంటుంది కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్. అధ్యాపకుల నియామకాలు, పదోన్నతులపై యూజీసీ 2018 నిబంధనల్లో ప్రసంగానికీ పత్ర సమర్పణకూ మార్కుల పట్టికే ఉంది: విదేశంలో అయితే 7, మన దేశంలోనే అంతర్జాతీయ సదస్సు అయితే 5, జాతీయ సదస్సుకు 3, రాష్ట్ర స్థాయికి 2. ఆ మార్కులు వేదికెక్కినవారికే. ఎదురుగా కూర్చుని, రుజువులో మూడో మెట్టు నిలవదని పట్టుకున్న మనిషికి ఆ పట్టికలో చోటు లేదు. లాజిక్‌లో అసలు పని జరిగేది అక్కడే.

ఈ పద్ధతిని సమర్థించేవారు గానీ, తిట్టేవారు గానీ 1981 ఊసెత్తరు. ఆ ఏడాది మే నెలలో న్యూయార్క్ రాష్ట్రంలోని యార్క్‌టౌన్ హైట్స్‌లో, ఐబీఎం పరిశోధనా కేంద్రంలో ‘లాజిక్స్ ఆఫ్ ప్రోగ్రామ్స్’ పేరుతో ఒక వర్క్‌షాప్ జరిగింది. ఎడ్మండ్ క్లార్క్, ఆయన విద్యార్థి అలెన్ ఎమర్సన్ కలిసి రాసిన పత్రం అందులోదే. ఒక వ్యవస్థ ఎలా నడవాలో లాజిక్ సూత్రంగా రాసి, అది అలాగే నడుస్తోందో లేదో యంత్రంతోనే తేల్చవచ్చన్నది అందులోని ఆలోచన. అదే మోడల్ చెకింగ్. పదమూడేళ్ల తర్వాత, 1994లో, పెంటియం చిప్ భాగహారం తప్పు చేసి ఇంటెల్‌కు 47.5 కోట్ల డాలర్ల నష్టం తెచ్చింది. చిప్‌ను మార్కెట్లోకి వదిలేముందే తప్పు లేదని రుజువు చేసే పద్ధతుల విలువ పరిశ్రమకు అప్పుడు తెలిసొచ్చింది. 2007 ట్యూరింగ్ అవార్డు క్లార్క్, ఎమర్సన్‌లకూ, ఫ్రాన్స్‌లో విడిగా అదే దారి తొక్కిన జోసెఫ్ సిఫాకిస్‌కూ కలిపి దక్కింది. 1981లో ఆ పత్రానికి మన పట్టిక ఎన్ని మార్కులు వేసేది? ఐదా, ఏడా?

లాజిక్‌కు ఉద్యోగాల్లేవు, ఏఐ మీద పెడితే పిల్లలొస్తారు అన్నది మరో వాదన. 2024లో అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ లెక్కల్లో రజత పతకం స్థాయికి చేరిన గూగుల్ డీప్‌మైండ్ వ్యవస్థల్లో ఒకటైన ఆల్ఫాప్రూఫ్ తన రుజువులను లీన్ అనే భాషలో రాసింది. లీన్ పూర్తిగా లాజిక్ పునాది మీద నిలిచింది. ఏఐ పేరు చెప్పి లాజిక్‌ను పక్కన పెట్టేవారు ఏఐ ఎటు పోతోందో చూడటం లేదు.

లెక్క అడగకపోతే చాలా కాలేజీలు ఏమీ చేయవన్నది నిజమే. అయినా లెక్క అడిగి సాధించింది పైన చెప్పిన సగం రుజువే.

మరోలా ఎలా నడపవచ్చో చూడండి. జర్మనీలోని డాగ్‌స్టూల్ కేంద్రం 1990 నుంచి కంప్యూటర్ సైన్స్‌లో వారం రోజుల సెమినార్లు నడుపుతోంది. అక్కడ భోజనాల బల్ల దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో చీట్లు తీసినట్టు మారుస్తారు. పేరున్న ప్రొఫెసర్ పక్కన నిన్నగాక మొన్న పీహెచ్‌డీలో చేరిన అమ్మాయి కూర్చుంటుంది. మనకూ ఇది చేతకాని పనేం కాదు. ఆ 1981లోనే బెంగళూరులో మొదలైన, కంప్యూటర్ సైన్స్ సిద్ధాంతాలపై జరిగే ఎఫ్ఎస్‌టీటీసీఎస్ సదస్సు నేటికీ నడుస్తోంది. 2023లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనే జరిగింది. 2010 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో లాజిక్ మీద రెండు వారాల పాఠశాల నడిచింది. రెండు వారాలు! ఒక్కపూటకు సర్టిఫికెట్ ఇచ్చే మన కాలేజీలు దాన్ని ఎందుకు చూసి నేర్చుకోవు?

కాబట్టి అడిగేది సూటిగా అడుగుతున్నాను. ఎన్ని వర్క్‌షాపులు పెట్టారని అడిగే ఆ సంఖ్య గడిని న్యాక్ తీసెయ్యాలి. యూనివర్సిటీకి ఏడాదికి ఒక్క లాజిక్ వర్క్‌షాప్ చాలు: ఐదు రోజులు, ముప్పై మంది, రోజుకు రెండే ప్రసంగాలు, మిగతా సమయమంతా బోర్డు దగ్గర. శాలువాల డబ్బుతో అనంతపురం, ఆదిలాబాద్ పిల్లలకు రైలు టికెట్లు కొనండి. పూర్తికాని పని పట్టుకొచ్చినవారికి మొదటి పిలుపు ఇవ్వండి. 1981 నాటి యార్క్‌టౌన్ హైట్స్ పత్రంలో ఉన్నదీ ఒక ఆలోచనే. ఇది కుదరదనే వైస్ చాన్సలర్లు గత ఐదేళ్లలో తమ లెక్కల్లో చూపిన వర్క్‌షాపుల జాబితా బయటపెట్టాలి. వాటిలో ఎన్నింటిలో ఒక విద్యార్థి లేచి ప్రశ్న అడిగాడో, ఎన్నింటిలో ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా ఎవరైనా కూర్చున్నారో పేరుపేరునా చెప్పాలి.