విద్యార్థుల సంగీత పత్రిక

కళాశాలా విద్యార్థులు స్వయముగా సంగీత పత్రికలను వెలువరింప నుద్యమించుట ముదావహము. కాని పేరును, ముఖచిత్రమును నిర్ణయించినంతనే పత్రిక సిద్ధము కాదు. తొలుత పరిశోధన, పిమ్మట ముద్రణ.

1904లో సుబ్బరామ దీక్షితులవారు తమిళదేశమందలి ఎట్టయపురమున ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెనుగున ప్రకటించిరి. స్వరలిపియు, గమక చిహ్నములును, వాగ్గేయకారుల చరిత్రములును అందు గలవు. ఆ వృద్ధ విద్వాంసులు తమ కంఠస్థమైన విద్యను కాగితమున కెక్కింపకున్నచో మనకు వాటిల్లెడి నష్ట మెంతటిదో యోజింపుడు.

నేడును మన యూళ్లలో నాదస్వర విద్వాంసులు, హరిదాసులు, పద్యనాటకములకు హార్మోనియము వాయించిన వృద్ధులు గలరు. వారితోడనే వారి విద్యయు నంతరించుచున్నది. పుటల సంఖ్యను నిర్ణయించుటకు ముందే విద్యార్థులు వారి యొద్ద కూర్చుండి, గురు వెవరో, బాణీ యేదియో యడిగి వ్రాసికొనవలెను.

సినిమాపాటలు లేనిదే పత్రిక చెల్లదని కొందఱందురు. వానిని వెలివేయుడని మేమనము. తారల ముచ్చట్లు మాని, పాట యే రాగమున నున్నదో, వాద్యము లెవరు వాయించిరో విచారించి వ్రాయుడనియే మా మనవి.

నాలుగు సంచికలకు వలయు ధనమును, వ్రాతలును సమకూడినగాని మొదటిదానిని అచ్చునకు పంపరాదు. ఒక్క సంచికతో నస్తమించు పత్రిక ఉత్సాహమునకు గుర్తు కావచ్చును గాని విద్యకు సేవ కానేరదు.