దీపం వెలిగించి వదిలేస్తే

ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం. ఆ రోజు తెలుగు ఊళ్లలో సభ ఎలా సాగుతుందో వెళ్లకుండానే చెప్పొచ్చు. వేదిక నిండా కుర్చీలు. జ్యోతి ప్రజ్వలన, బొకేలు, శాలువాలు, ముఖ్య అతిథి ప్రసంగం. విషయం తెలిసిన ప్రొఫెసర్ చేతికి మైకు వచ్చేసరికి భోజనాల వేళ. ఆయన ఇంగ్లిష్ స్లైడ్లు గబగబా తిప్పేసి మెమెంటో పుచ్చుకుంటారు. ప్రశ్నలకు టైం ఉండదు. పొద్దున వెలిగించిన దీపం మాత్రం ఓ పక్కన వెలుగుతూనే ఉంటుంది. అదెలా వెలుగుతోందో ఎవరూ చెప్పరు.

మైకేల్ ఫారడే చెప్పాడు. 1860 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం ఒక్క కొవ్వొత్తి మీద ఆరు ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. వెలుగుతున్న కొవ్వొత్తిని మెల్లగా ఆర్పాడు. ఒత్తి నుంచి సన్నటి తెల్లని ఆవిరి లేచింది. మండే పుల్లను ఒత్తికి తగలనివ్వకుండా, రెండు మూడంగుళాల ఎడంగా ఆ ఆవిరిలో పెట్టాడు. మంట ఆవిరి వెంబడే పాకి వచ్చి ఒత్తికి అంటుకుంది. మండేది గట్టి మైనం కాదు, కరిగి ఆవిరైన మైనం. పిల్లలు దాన్ని కళ్లారా చూశారు.

ఆ ఫారడే చదువు అంతంతమాత్రం. పుస్తకాల బైండింగ్ దుకాణంలో పని నేర్చుకున్న కుర్రాడు. 1812లో దుకాణానికి వచ్చే ఒకాయన టికెట్లు ఇస్తే అదే సంస్థలో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు. నోట్సు రాసి, బొమ్మలు గీసి, తానే బైండు కట్టి డేవీకి పంపాడు. మరుసటి ఏడాది అక్కడే ప్రయోగశాల సహాయకుడయ్యాడు.

మన దగ్గరా అలాంటి తలుపు ఒకటి తెరుచుకుంది. 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ కలకత్తా బౌబజార్ వీధిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ తరహాలోనే ఒక సంస్థ పెట్టారు. సర్కార్, ఫాదర్ లఫాన్ అక్కడ ప్రయోగాలు చేసి చూపుతూ మాట్లాడేవారు. 1907లో దాని బోర్డు చూసి లోపలికి వెళ్లిన అకౌంట్స్ అధికారికి పద్దెనిమిదేళ్లు. ఆయనే విశాఖలో పెరిగిన సి.వి. రామన్. 1928లో సైన్స్ దినోత్సవానికి కారణమైన ఆవిష్కరణ ఆ సంస్థలోనే జరిగింది. అంటే ఈ పండగ మూలం ఒక ఉపన్యాసశాలలో ఉంది.

తెలుగులో చెప్పమంటే పరిభాష లేదంటారు. కాథోడ్, ఆనోడ్, అయాన్ అనే మాటలు 1834కు ముందు ఇంగ్లిష్‌లోనూ లేవు. కావలసి వచ్చినప్పుడు ఫారడే కేంబ్రిడ్జ్ పండితుడు విలియం హ్యూయెల్‌ను అడిగి, గ్రీకు నుంచి తెచ్చుకున్నాడు. తెలుగు శ్రోతకు ఆక్సిజన్ కొత్త మాటేం కాదు. దాన్ని అలాగే వాడి, మిగతా వాక్యం తెలుగులో నడిపితే సరిపోతుంది. మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ రాతలో ఆ పని చేసి చూపారు. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊళ్లలో ప్రయోగాలు చేసి చూపుతుంటే జనం గుమిగూడుతూనే ఉన్నారు.

సైన్స్ ఒక్కటే కాదు. మదనపల్లె మార్కెట్లో రైతు చేతికొచ్చే టమాటా ధర, హైదరాబాద్‌లో కొనేవాళ్లు ఇచ్చే ధర బోర్డు మీద రాసి, మధ్యలో ఎవరి వాటా ఎంతో లెక్క కడితే ఆర్థికశాస్త్రం దానంతటదే మొదలవుతుంది. 1847లో ఇంజనీరు కాటన్ మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఇంజనీరింగ్ చరిత్ర చెప్పే మనిషికి స్లైడ్లతో పనేముంది?

కాబట్టి నిర్వాహకులు వచ్చే ఫిబ్రవరిలో వరస కొంచెం మార్చాలి. ప్రొఫెసర్‌కు ముందుగా గంట, ప్రశ్నలకు అరగంట, సన్మానాలు ఆ తర్వాత. ఫారడేలా చేసి చూపడానికి జ్యోతిని ఆర్పడం అశుభమని ఎవరైనా నొచ్చుకుంటే, బల్ల మీద ఒక కొవ్వొత్తి, అగ్గిపెట్టె పెట్టించాలి. ఖర్చు ఒక్క శాలువా ధరంత కూడా ఉండదు.