ఆటకూ హాజరు పట్టీ కావాలి



మొన్న ఒక ఆదివారం మన యూనియన్ ఆఫీసుకు ఒక పెద్దమనిషి వచ్చాడు. వయసు అరవై నాలుగు. చిన్నప్పుడు తండ్రి వెంట కరీంనగర్ జిల్లా నుంచి షోలాపూరు వచ్చాడు. మిల్లులో పనికి కుదిరాడు. మిల్లు మూతపడ్డాక పవర్‌లూమ్ మీద చాదర్లు నేశాడు. ఇప్పుడు చూపు ఆనక కండెలు చుట్టుకుని బతుకుతున్నాడు. మన పాత సభ్యుల్లో ఆయనను ఎరగని వారు లేరు. అయితే నేత పనివాడిగా కాదు, బుర్రకథలో హాస్యం చెప్పే వంతగా ఎరుగుదురు. ఆయన డక్కీ మీద చేయి వేస్తే గల్లీ అంతా వచ్చి కూర్చునేది.

ఆయన చేతిలో ఒక దరఖాస్తు ఫారం ఉంది. మహారాష్ట్ర ప్రభుత్వం వృద్ధ కళాకారులకు, రచయితలకు నెలనెలా ఇచ్చే గౌరవ వేతనం ఫారం అది. 2024 నుంచి ఆ మొత్తాన్ని నెలకు 5,000 రూపాయలు చేశారు. కండెలు చుట్టే మనిషికి అది చిన్న మాట కాదు. మందులు వస్తాయి, ఇంటి కిరాయి తీరుతుంది. కాని ఫారంతో పాటు ఏళ్ళ తరబడి కళ చేసినట్టు రుజువులు జతచేయాలి. కరపత్రమో, ఫొటోనో, పత్రికలో వచ్చిన వార్తో, ప్రశంసాపత్రమో ఉండాలి.

"తమ్మీ, నలభయ్యేండ్లు డక్కీ కొట్టిన. కాగితం ఏడికెల్లి తేవాలె?" అని అడిగాడాయన.

మేము సమాధానం చెప్పలేకపోయాము. మా బీరువాలో బోనస్ ఒప్పందాలున్నాయి. సమ్మె నోటీసులున్నాయి. ఎవరు ఏ నెల చందా కట్టారో రసీదు పుస్తకాలున్నాయి. ఆయన ఎక్కిన వేదికల్లో సగం మన వేదికలే. మే డే రాత్రి, గేటు మీటింగులు, సమ్మె డేరాలు, అన్నింటా ఆయన ఉన్నాడు. అయినా ఆయన పేరు మా పుస్తకాల్లో ఒక్క చోటా లేదు. మైకు వాడికి ఇచ్చిన డబ్బు రాశాము. టీ ఖర్చు రాశాము. కథ చెప్పిన వారి పేర్లు రాయలేదు. రుజువు అడిగిన గుమాస్తాది తప్పు కాదు, నిబంధన అది. తప్పు మాది.

మిల్లులో పనిచేసిన వారికి హాజరు పట్టీ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. పట్టీలో పేరు లేనివాడు పనివాడు కాడు. పి.ఎఫ్. లేదు, గ్రాట్యుటీ లేదు. మిల్లు మూతపడిన రోజున బదిలీ కార్మికులు పడ్డ పాట్లు మనం కళ్ళారా చూశాము. ఏళ్ళ తరబడి పనిచేసి, పట్టీలో పేరు సరిగా లేక ఒట్టి చేతులతో ఇంటికి పోయిన వారున్నారు. పట్టీలో పేరు కోసం అంత పోరాడిన మనమే మన కళాకారులను పట్టీ లేని పనివాళ్ళుగా ఉంచాము. ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాము. ఒప్పుకోకుండా ముందుకు పోలేము.

మన పెద్దలు ఇలా చేయలేదు. తెలంగాణ పల్లెల్లో పద్మశాలీలకు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పడానికి కూనపులి వారు ఉండేవారు. నకాశీలు రాసిన పొడవాటి పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ రాత్రుళ్ళు కథ చెప్పేవారు. నేత ఇళ్ళు వారికి ఇవ్వవలసింది ఇచ్చేవి. అది బిచ్చం కాదు, వారి హక్కు. మగ్గం ఆడితేనే పటం విప్పేది. చేతి మగ్గం పడిపోయి, నేతగాళ్ళు షోలాపూరుకూ భివండీకీ బొంబాయికీ సూరత్‌కూ వలస పట్టాక ఆ ఇచ్చిపుచ్చుకోవడం సన్నగిల్లింది. మన పెద్దలు కథ చెప్పడాన్ని పనిగానే లెక్కించారు, దానికి కూలి కట్టారు. మనం కథ వింటూ చప్పట్లు కొట్టి సరిపెట్టుకున్నాము.

కార్మికోద్యమం కూడా కళను పక్కన పెట్టి పెరగలేదు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథను, నాటకాన్ని ఊరూరికీ తీసుకుపోయింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకం 1947లో రైతుకూలీల పోరాటాన్ని రంగస్థలం ఎక్కించింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద ఇంట పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకు కొత్త ఊపిరి పోశారు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బొంబాయిలో మిల్లు కార్మికుడిగా పనిచేసిన అన్నాభావు సాఠే 1944లో అమర్ షేఖ్, గవాణ్కర్‌లతో కలిసి లాల్ బావ్టా కళాపథకం పెట్టి, చాళ్ళ ముందు, మిల్లుల ముందు తమాషా ఆడారు. ఆ బొంబాయి మిల్లుల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. కామాఠీపురా పేరు వచ్చిందే మన కామాఠీల వల్ల. వీరి పేర్లు ఈ రోజు మనకు ఎందుకు తెలుసు? ఎవరో రాసిపెట్టారు కాబట్టి. వారి పక్కన డక్కీ కొట్టిన వారి పేర్లు మనకు తెలియవు. ఎవరూ రాయలేదు కాబట్టి.

ఇక ఇప్పటి అవకాశాల సంగతి చూద్దాం. మన వాళ్ళు చాలామంది "మనకెవరిస్తారు వేదిక?" అంటారు. వేదికలు లేకపోలేదు. తెలుగు గడ్డ మీద నాటక పరిషత్తులున్నాయి. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు దారి చూపిన తర్వాత ఎన్నో ఊళ్ళలో పోటీలు మొదలయ్యాయి. ఇక్కడ మహారాష్ట్రలో రాష్ట్ర ప్రభుత్వం ఏటా నాటక పోటీలు నడుపుతోంది. వాటిలో మరాఠీ ఉంది, హిందీ ఉంది, సంస్కృతం కూడా ఉంది. తెలుగుకు విభాగం లేదు. ఇంట్లో సంస్కృతం మాట్లాడే కార్మికుడిని మేము ఇంతవరకు చూడలేదు. తెలుగు మాట్లాడే కార్మికులను మాత్రం షోలాపూరు తూర్పు భాగంలో ఏ గల్లీలో అడుగుపెట్టినా చూడవచ్చు. సంస్కృతం మీద మాకు కోపం లేదు. మా భాషకు కూడా ఒక మూల చోటివ్వండి అంటున్నాము.

అన్నిటికంటే ముఖ్యమైనది కార్మిక కల్యాణ మండలి. 1953 చట్టం కింద ఏర్పడిన ఈ నిధికి జూన్, డిసెంబరు నెలల్లో కార్మికుడి జీతం నుంచి కోత పడుతుంది. 2024 సవరణ తర్వాత కార్మికుడి వాటా 25 రూపాయలు, యజమాని వాటా 75 రూపాయలు. ఈ డబ్బుతో నడిచే కేంద్రాల్లో కుట్టు క్లాసులు, గ్రంథాలయాలు ఉన్నాయి. కార్మికులకు నాటక పోటీలు, భజన పోటీలు పెడతారు. అంటే కార్మికుడు రంగస్థలం ఎక్కడానికి కార్మికుడే ముందుగా డబ్బు కట్టాడు. అది దానం కాదు, మన సొమ్ము.

మరి మన పవర్‌లూమ్ కార్మికులు అక్కడ ఎందరు కనిపిస్తున్నారు? వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కారణం మనకు తెలిసిందే. ఒకే షెడ్డు, నాలుగు పేర్లు, నాలుగు లైసెన్సులు. ఏ పేరు కింద చూసినా చట్టానికి చాలినంత మంది ఉండరు. కోత పడని వాడికి నిధిలో పేరు లేదు, నిధిలో పేరు లేనివాడికి పోటీలో చోటు లేదు. కాబట్టి కళాకారుడి సమస్య మన కార్ఖానా రిజిస్టరు దగ్గరే మొదలవుతోంది. కనీస వేతనాల కోసం, పి.ఎఫ్. కోసం మనం చేసే పోరాటం వేరు, ఇది వేరు కాదు.

రెండవ అడ్డంకి కూలి. ఆమధ్య మన కుర్రాళ్ళు ఒక నాటిక తయారు చేశారు. పదకొండు మంది. పన్నెండు గంటల షిఫ్టు దిగి, రాత్రి తొమ్మిదికి మార్కండేయ గుడి వెనక రేకుల షెడ్డులో రిహార్సల్. ఆంధ్రలో ఒక పరిషత్తు నుంచి పిలుపు వచ్చింది. పోను ఒక రోజు, ఆట ఒక రోజు, రాను ఒక రోజు. పదకొండు మందికి మూడేసి రోజులు. అంటే ముప్పైమూడు దినాల కూలి పోతుంది. పీసు రేటు మనిషికి సెలవు జీతం ఉండదు. పైన రైలు ఖర్చు. మొదటి బహుమతి వచ్చినా ఆ లోటు పూడదు. నలుగురు వెనక్కి తగ్గారు. వారిని తప్పుపట్టగలమా? నాటిక ఆగిపోయింది. ఆ కుర్రాళ్ళలో ఇద్దరు ఇప్పుడు రిహార్సలుకే రారు. నాటకం చచ్చిపోతోందని వేదికల మీద కన్నీరు కార్చే పెద్దలు ఈ ముప్పైమూడు దినాల లెక్క వేసి చూడాలి.

మూడవ అడ్డంకి మన ఇంట్లోనే ఉంది. బీడీలు చుట్టుకుంటూ మన అక్కచెల్లెళ్ళు పాడే పాటలు, బతుకమ్మ చుట్టూ కట్టే పాటలు ఎవరికీ తీసిపోవు. కాని స్టేజీ దగ్గరికి వచ్చేసరికి ఆడ వేషానికి బయట నుంచి నటిని తెచ్చుకుంటాము. మన ఇంటి ఆడపిల్ల స్టేజీ ఎక్కితే నలుగురు ఏమంటారో అని భయం. ఆ నలుగురూ మనమే కదా! కార్ఖానాకు పంపడానికి లేని భయం రంగస్థలానికి ఎందుకు?

"సార్, పొట్టకే లేనప్పుడు ఆటలేమిటి?" అని కొందరు సభ్యులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి మా జవాబు ఇది. 1982 జనవరి 18న మొదలైన బొంబాయి మిల్లు సమ్మె నెలల తరబడి సాగింది. అంతకాలం మనుషులను కలిపి ఉంచేది ఒట్టి ఉపన్యాసాలు కావు. మన చిన్న చిన్న సమ్మెల్లోనే చూశాము. ఉపన్యాసానికి లేచిపోయిన జనం డక్కీ చప్పుడుకు తిరిగి వచ్చి కూర్చునేవారు. అవసరం పడ్డప్పుడు కళాకారుడిని పిలిచి, అవసరం తీరాక మరిచిపోతే సేటుకూ మనకూ తేడా ఏమిటి?

కాబట్టి కార్యవర్గంలో చర్చించి కొన్ని పనులు తలపెట్టాము.

మొదటిది, వచ్చే నెల నుంచి యూనియన్ ఆఫీసులో కళాకారుల హాజరు పట్టీ పెడుతున్నాము. మన వేదిక మీద గాని, గుళ్ళో గాని, గల్లీలో గాని మన వారు ఎక్కడ ఆడినా, పాడినా అందులో రాస్తాము. తేదీ, స్థలం, కథ పేరు, పాల్గొన్న వారందరి పేర్లు, హార్మోనియం, డోలకు వారితో సహా. కింద ఇద్దరు సాక్షుల సంతకాలు. ఒక ఫొటో. కరపత్రం వేస్తే ఒక ప్రతి. యాభై ఏళ్ళు దాటాక ఎవరూ ఒట్టి చేతులతో ఆ కిటికీ ముందు నిలబడకూడదు.

రెండవది, మన వేదిక మీద ఆడిన వారికి ఆ రోజు కూలి యూనియన్ నిధి నుంచి ఇస్తాము. ఎక్కువ ఇవ్వలేము. కాని "మనవాడే కదా, ఊరికే ఆడతాడులే" అనే మాట ఇక మన ఆఫీసులో వినపడకూడదు.

మూడవది, యజమానులకు ఇచ్చే ఈ ఏటి డిమాండ్ల పత్రంలో రెండు అంశాలు చేరుస్తున్నాము. షెడ్డులో పనిచేసే ప్రతి కార్మికుడికీ కల్యాణ నిధి కట్టాలి. పోటీలకు పోయే వారికి ఏడాదికి మూడు రోజులు కూలితో సెలవు ఇవ్వాలి.

నాలుగవది, రాష్ట్ర పోటీల్లోనూ కార్మిక పోటీల్లోనూ తెలుగు నాటకాలకు చోటు కోరుతూ మహజరు తయారు చేస్తున్నాము. భివండీ, ముంబై సోదరులు కూడా సంతకాలు సేకరించి పంపాలి. అంతవరకు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. మన పిల్లలకు మరాఠీ మనకంటే బాగా వచ్చు. ఒక నాటిక మరాఠీలో, ఒకటి తెలుగులో తయారు చేద్దాం. ఇక్కడి అమరవీరుల పేర కట్టిన హుతాత్మ స్మృతి మందిరం మన ఊళ్ళోనే ఉంది. 1931 జనవరి 12న ఎరవాడ జైలులో ఉరికంబమెక్కిన ఆ నలుగురిలో కుర్బాన్ హుస్సేన్ మిల్లు కార్మికుల మధ్య పనిచేసినవాడు. ఆ వేదిక మీద నేత కార్మికుడి నాటకం ఆడకపోతే ఇంకెవరిది ఆడాలి?

చివరగా, ఆ పెద్దమనిషి సంగతి. మన సభ్యులు ఇద్దరు ఇల్లిల్లూ తిరిగి వెతికారు. ఒక పెళ్ళి ఆల్బంలో డక్కీ పట్టుకున్న ఫొటో ఒకటి దొరికింది. ఒక ట్రంకు పెట్టె అడుగున చెదలు తిన్న కరపత్రం దొరికింది. అందులో దళం పేర్లున్నాయి, మూడవ పేరు ఆయనదే. నలభై ఏళ్ళ పనికి ఇప్పటికి దొరికినవి రెండు కాగితాలు. అవి చాలతాయో లేదో చెప్పలేము.

కాబట్టి ఈ సంచిక చదివిన ప్రతి ఒక్కరూ మీ ఇంట్లో పాత పెట్టెలు ఒకసారి తెరిచి చూడండి. బుర్రకథ, ఒగ్గుకథ, భజన, నాటకం, ఏదైనా సరే. పాత కరపత్రం, ఫొటో, పేపరు ముక్క, ఏది కనపడినా ఆదివారం ఆఫీసుకు తీసుకురండి. నకలు తీసుకుని అసలు మీకే తిరిగి ఇస్తాము. మీకు అది చెత్త కాగితం కావచ్చు. దాని మీద ఉన్న పేరు గల మనిషికి అది ముసలితనపు తిండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!