ఓడిన ఏడాది కూడా లెక్కలోకే

గెలిచిన జట్టు గురించి రాయడానికి అందరూ ముందుకొస్తారు. ఈ సంచికలో మేం ఓడిన ఫుట్‌బాల్ జట్టును ఎంచుకున్నాం. కోమటి చెరువు కట్ట మీద సాయంత్రం కబుర్లలో క్రికెట్టే తప్ప ఫుట్‌బాల్ మాట వినపడని సిద్దిపేటలో కూర్చుని ఈ పని పెట్టుకోవడం కాస్త మొండితనమే.

2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు ఎత్తిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2023-24లో 22 మ్యాచ్‌లాడి ఒక్కటంటే ఒక్కటే గెలిచింది. 16 ఓడి, 8 పాయింట్లతో అట్టడుగున మిగిలింది. ఆట రాక కాదు. జీతాలు బకాయి పడ్డాయి, విదేశీ ఆటగాళ్లలో చాలామంది వెళ్లిపోయారు, కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. మిగిలిన కుర్రాళ్లే వారం వారం బరిలోకి దిగారు. నా మట్టుకు నాకు, కప్పు కన్నా ఆ దిగడమే గుర్తుంది.

ఓటమి మనకు కొత్తేం కాదు. మన హైదరాబాదీ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోని భారత జట్టు 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామందికి కాళ్లకు బూట్లు కూడా లేవు! 1962 జకార్తా ఏషియాడ్‌లోనూ తొలి మ్యాచ్‌లో రహీం జట్టును దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. ఫైనల్లో అదే కొరియాపై 2-1తో గెలిచారు. అప్పటికే రహీం క్యాన్సర్‌తో ఉన్నారు, మరుసటి ఏడాది పోయారు.

మీ కాలేజీ జట్టు వరసగా ఓడిన ఏడాది ఏదైనా ఉంటే, స్కోర్లతో సహా రాసి పంపండి.