నోని తాగుతున్నారా? డాక్టరుకు చెప్పండి

ఏళ్ల తరబడి గ్యాస్, కడుపులో మంట, మలబద్ధకం వేధిస్తుంటే ఎవరో ఒకరు ఏదో ఒక మందు చెబుతూనే ఉంటారు. శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) పక్కన బతు బస్తీలోని తెలుగువారి ఇళ్లలో అది వాము కావచ్చు, ఇసబ్‌గోల్ కావచ్చు, దుకాణంలో కొన్న నోని రసం కావచ్చు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం తప్పు.

ఇసబ్‌గోల్ నీటిలో జెల్లీలా ఉబ్బే పీచు. మలబద్ధకానికీ, ఐబీఎస్ అనే దీర్ఘకాలిక పేగు సమస్యకూ అది ఉపయోగపడుతుందని రోగులపై చేసిన పరీక్షల్లో తేలింది. తగినన్ని నీళ్లు మాత్రం తాగాలి.

నోని సంగతి వేరు. అది ఈ దీవుల తీరాల్లో సహజంగా పెరిగే చెట్టు. దగ్గర్లోని గారచర్మలో ఉన్న కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ కూడా దానిపై పనిచేసింది. కానీ జీర్ణ సమస్యలను నయం చేస్తుందనడానికి గట్టి రుజువు లేదు. పైగా రసంలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ప్రమాదం. 2005లో ఆస్ట్రియా వైద్యులు కాలేయ వాపు కేసులను నివేదించారు. రసమే కారణమనడానికి నమ్మదగిన ఆధారం లేదని 2006లో యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్పింది.

అసలు ప్రమాదం ఆలస్యం. కడుపు పుండ్లకు ముఖ్య కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. దాన్ని కనుగొన్న బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. యాంటీబయాటిక్స్‌తో అది పోతుంది. వాము నీళ్లతో మంట తగ్గినా బ్యాక్టీరియా అలాగే ఉంటుంది.

డాక్టర్లు కసురుకుంటే రోగులు దాస్తారు. కాబట్టి "ఇంట్లో ఇంకేం వాడుతున్నారు?" అని వారే మెల్లగా అడగాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగలేకపోవడం ఉంటే మాత్రం ఏ రసం కోసమూ ఆగకండి.